టీ కప్పు మారితే రుచి మారుతుందా?

"టీ ఒకటే అయినప్పుడు ఏ కప్పులో పోస్తే ఏం, తేడా అంతా మన భ్రమే కదా" అని అడిగారు. భ్రమ కానే కాదండీ. నా మట్టుకు టీ రుచిలో సగం కప్పుదే, అందులోనూ దాని అంచుది.

మా అక్క కూడా మీలాగే వాదించేది. ఒకరోజు పంతం పట్టి, ఒకే గిన్నెలోంచి వడగట్టిన టీని స్టీలు గ్లాసులో, పేపర్ కప్పులో, పల్చటి పింగాణీ కప్పులో పోశాను. కళ్లు మూసుకోమని ఒక్కొక్కటీ చేతికిచ్చాను. స్టీలు గ్లాసు పెదవికి తగలగానే చురుక్కుమని తల వెనక్కి తీసుకుంది. తర్వాత ఊదింది కూడా అంచు మీదే, టీ మీద కాదు. పేపర్ కప్పు ముక్కు దాకా వచ్చేసరికి మొహం చిట్లించి, "ఇది వేరే టీపొడా?" అంది. పింగాణీ కప్పు అందుకున్నాక మాట్లాడలేదు, తాగుతూ కూర్చుంది.

స్టీలు గాజు కంటే పది రెట్లకు పైగా వేగంగా వేడిని లాగుతుంది. టీ నాలుకను చేరేలోపే పెదవి కాలిపోతే ఇక రుచి ఎవరికి కావాలి? పేపర్ కప్పు నానిపోకుండా లోపల సన్నటి ప్లాస్టిక్ పూత వేస్తారు. వేడి టీ పోయగానే ఆ వాసనే ముందు ముక్కుకు తగులుతుంది. పింగాణీని సుమారు 1300 డిగ్రీల్లో కాలుస్తారు, పైన గాజులాంటి పూత ఉంటుంది. అది వాసన పీల్చదు, తన వాసన ఇవ్వదు. పూత లేని మట్టి కప్పు పీలుస్తుంది, ఇస్తుంది కూడా. ఆ మట్టి వాసన నాకూ ఇష్టమే, కానీ మంచి ఆకు టీని అది కప్పేస్తుంది. గాజులో రంగు చూసుకుంటూ తాగడం హాయి, పిడి ఉంటేనే సుమా!

ఇక ఈ లావుపాటి మగ్గులంటే నాకు ఒళ్లు మంట. పింగాణీయే అయినా అంచు వేలెడు మందం, నోట్లో పట్టదు. పైగా చల్లటి మగ్గు టీ వేడిలో మొదటి వాటా తనే లాగేసుకుంటుంది. అదే వాడాల్సివస్తే ముందు వేణ్ణీళ్లతో తొలిపేయండి. ఫ్లాస్కు సీసాలు ఇంకో బాధ. ఎంతసేపటికీ చల్లారదు, ఆ చిన్న రంధ్రంలోంచి వాసనా రాదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది, పల్చటి కప్పుల్ని అతిథుల కోసమని అలమరలో దాచి, ఇంట్లోవాళ్లు సొట్టగ్లాసుల్లో తాగడం. దించండి వాటిని, రోజూ వాడండి. పగిలితే పగులుతాయి.