పర్సంటేజీ తగ్గించి పెన్షన్ ఆపేశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నకు చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. పాత సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో వైకల్యం 60 శాతం ఉంది. రీవెరిఫికేషన్‌లో 35 శాతమేనని నోటీసిచ్చి, ఎన్టీఆర్ భరోసా పెన్షన్ 6,000 ఆపేశారు. దొంగ పెన్షన్లంటూ టీవీల్లో పార్టీలు తిట్టుకుంటుంటే తలెత్తుకోలేకపోతున్నాం. మా వీధిలో చక్కగా నడిచేవాళ్లకూ ఇస్తున్నారు. ఒకాయన 20 వేలకు 70 శాతం సర్టిఫికెట్ తెస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: మూడు పేజీల ఉత్తరం రాశారు. నోటీసు ఏ రోజు చేతికందిందో మాత్రం రాయలేదు! అప్పీలు గడువు నోటీసులోనే ఉంటుంది, ముందు అది చూడండి. అందిన తేదీ కూడా రాసిపెట్టుకోకపోతే ఎలా?

వీధిలోవాళ్ల సంగతి వదిలేయండి. అనర్హుడికి పెన్షన్ వస్తోందని చూపించి మీరు హక్కు అడగలేరు, సుప్రీంకోర్టు ఈ మాట చాలాసార్లు చెప్పింది. తేలాల్సింది ఒక్కటే: నాన్నగారి వైకల్యం పెన్షన్‌కు కావాల్సిన 40 శాతం ఉందా, లేదా? పాత 60 శాతం కాగితం ఒక్కటే దానికి చాలదు. పోలియో కాలు వయసుతో బాగుపడదు కాబట్టి అంత తేడా ఎలా వచ్చిందో డాక్టర్లు చెప్పాలి. ఆ రోజు టేపు పెట్టి రెండు కాళ్ల పొడవు కొలిచారా? కండరాల బలం చూసి గ్రేడు రాశారా? కుర్చీలో కూర్చోబెట్టి, పేరు అడిగి పంపేశారా? నాన్నగారిని అడిగి, జరిగింది జరిగినట్టు ఇవాళే రాసుకోండి. ప్రభుత్వాసుపత్రి ఎముకల డాక్టర్‌తో ఆ కొలతలు రాయించి, పాత ఓపీ చీటీలు జతచేసి, మళ్లీ పరీక్ష చేయించమని అప్పీలు పెట్టండి. పల్లెలో ఎంపీడీఓకు, పట్టణంలో మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వాలి.

ఆ బ్రోకర్ గడప తొక్కొద్దు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 91 ప్రకారం మోసంతో ఈ లబ్ధి పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఫోర్జరీ కేసు వేరే. నిజంగా కాలు చచ్చుబడిన మనిషిని మీ చేతులతో మీరే దొంగను చేసినట్టవుతుంది.

అనర్హులను ఏరేయడాన్ని నేను తప్పుపట్టను. మన మాట వినకుండా ఆపేయడం మాత్రం తప్పే. అప్పీలు పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు, అయితే ఏళ్లు గడిపి వెళ్తే ఆలస్యమే మీకు అడ్డు. దివ్యాంగులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి. రేపు అప్పీలు ఇచ్చాక మీ కాపీ మీద తేదీతో సీలు వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగకండి.