యూనియన్‌లో ఉన్నందుకే బదిలీ చేశారు, జాయిన్ కావాలా వద్దా?

ప్రశ్న: వకీల్ సాబ్, నమస్తే. నేను హనుమకొండలో ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థలో టెక్నీషియన్‌ను. 14 ఏళ్ల సర్వీసు ఉంది. మా యూనియన్ బ్రాంచికి సహాయ కార్యదర్శిని, కానీ మాది గుర్తింపు సంఘం (యాజమాన్యం అధికారికంగా చర్చలు జరిపే సంఘం) కాదు. నైట్ డ్యూటీలో రిలీవర్ రాకపోతే తెల్లారి డ్యూటీ కూడా మాతోనే చేయిస్తున్నారు, ఓటీ (అదనపు పనికి ఓవర్‌టైం వేతనం) ఇవ్వడం లేదు. దీని మీద మా యూనియన్ లేబర్ ఆఫీసులో పిటిషన్ పెట్టింది. అక్కడ జాయింట్ మీటింగ్ జరిగిన పన్నెండో రోజున నన్ను ఆసిఫాబాద్‌కు బదిలీ చేశారు. వాట్సాప్ గ్రూపులో అధికారిని కించపరిచానని ఆ వెంటనే ఛార్జ్ మెమో (ఆరోపణలు చూపి సంజాయిషీ అడిగే నోటీసు) కూడా ఇచ్చారు. మా నాయకుడేమో 'పోకు, మేం చూసుకుంటాం' అంటున్నాడు. బిడ్డ పదో తరగతి చదువుతోంది. నన్నేం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆసిఫాబాద్ వెళ్లి జాయిన్ అవ్వండి. మీ నాయకుడి మాట కాదంటున్నందుకు ఆయన నా మీద కోపం తెచ్చుకున్నా సరే. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కక్ష సాధింపు బదిలీ కేసు. మీరు వెళ్లకపోతే అది అనుమతి లేని గైర్హాజరు కేసవుతుంది, అప్పుడు పైచేయి యాజమాన్యానిది. 1989లో గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. బదిలీ రద్దు కోసం అర్జీ పెట్టుకోవచ్చు కానీ, అర్జీ పెండింగులో ఉందని కొత్త చోట జాయిన్ కాకుండా కూర్చోవడం కుదరదంది. ఆయన ఉద్యోగం అలాగే పోయింది.

జాయినింగ్ రిపోర్టులో మాత్రం ఒక వాక్యం చేర్చండి: 'ఈ బదిలీ యూనియన్ కార్యకలాపాల కారణంగా జరిగిందని నా అభ్యంతరం, నా హక్కులకు లోబడి జాయిన్ అవుతున్నాను.' దాన్ని ఇన్‌వార్డులో ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. రేపు ఎవరైనా 'ఇష్టపడే వెళ్లాడు కదా' అంటే ఆ కాపీయే మీకు జవాబు.

ఇక చట్టం సంగతి. 2025 నవంబరు 21 నుంచి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. 'యాజమాన్య విధానం పేరు చెప్పి దురుద్దేశంతో కార్మికుడిని బదిలీ చేయడం' పాత చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ అనుచిత కార్మిక పద్ధతే. యూనియన్‌లో ఉన్నందుకు వివక్ష చూపడమూ అంతే. ఇందుకు జరిమానా 10 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు ఉంది. ఆ శిక్ష కేసు మీరు నేరుగా వేయలేరు, ప్రభుత్వం తరఫునే ఫిర్యాదు వెళ్లాలి. కాబట్టి జరిమానా మీద ఆశ పెట్టుకోకండి, బదిలీ రద్దు మీదే దృష్టి పెట్టండి.

దురుద్దేశం అన్నాక నిరూపించాల్సింది మీరే. ఏ అధికారీ 'యూనియన్‌లో తిరుగుతున్నాడు, పంపేయండి' అని ఫైల్లో రాయడు. అందుకే తేదీలు ముఖ్యం: పిటిషన్ ఇచ్చిన రోజు, జాయింట్ మీటింగ్ రోజు, బదిలీ ఉత్తర్వు, మెమో. మీ పన్నెండు రోజుల లెక్క బాగుంది కానీ అదొక్కటే చాలదు. పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. ఈ బదిలీ ప్రతిపాదన ఎక్కడ మొదలైంది, నోట్ ఫైల్ (అధికారులు ఫైల్లో రాసుకున్న అభిప్రాయాలు) కాపీ, బదిలీ మార్గదర్శకాలు, మీ కేడర్‌లో హనుమకొండలో ఎవరు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో జాబితా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీకంటే ఎక్కువ ఏళ్లు ఒకేచోట ఉన్నవాళ్లను కదపకుండా మిమ్మల్ని ఒక్కరినే పంపారని తేలితే కేసు నిలబడుతుంది.

మీ యూనియన్ ఉపయోగపడేది ఇక్కడే. డిస్మిస్ చేస్తే, ఉద్యోగంలోంచి తీసేస్తే ఒంటరి కార్మికుడు కూడా పారిశ్రామిక వివాదం లేవనెత్తవచ్చు. బదిలీకి అలా కుదరదు, యూనియనో, తగినంత మంది సహోద్యోగులో వెనక నిలబడాలి. ఇంకో దారి కూడా ఉంది. 20 మంది, అంతకన్నా ఎక్కువ కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉంటారు. ఏడాదిలోగా ఫిర్యాదు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా 60 రోజుల్లో రాజీ అధికారి (ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే లేబర్ శాఖ అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు, కానీ మీరు సభ్యులైన యూనియన్ ద్వారానే. ఆ యూనియన్ గుర్తింపు సంఘమే అయి ఉండాలని ఈ నిబంధనలో లేదు. కాబట్టి మీ నాయకుడు నిజంగా 'చూసుకోవాలి' అనుకుంటే, కార్యవర్గ తీర్మానం చేసి, లెటర్‌హెడ్ మీద మీ వివాదాన్ని లేబర్ ఆఫీసులో వేయమనండి. గేటు మీటింగ్ తర్వాత పెట్టుకోవచ్చు.

మీది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి రాష్ట్ర లేబర్ శాఖకే వెళ్లాలి. ఇది చెప్పడానికి కారణముంది. భూపాలపల్లి, గోదావరిఖని నుంచి వచ్చే సింగరేణి మిత్రులు తరచూ తప్పు ఆఫీసుకు వెళ్లి నెలలు పోగొట్టుకుంటారు. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిదే, అయినా బొగ్గు గని కాబట్టి వాళ్ల వివాదాలు కేంద్ర లేబర్ కమిషనర్ యంత్రాంగం చూస్తుంది.

ఛార్జ్ మెమోకు గడువులోపే జవాబివ్వండి. 'ఆరోపణలు ఒప్పుకోవడం లేదు, ఆధారంగా చూపిన మెసేజ్‌ల కాపీలు ఇవ్వండి' అంటే చాలు, కోపంతో నాలుగు పేజీలు రాయకండి. మీ ఓటీ వివాదం రాజీ అధికారి దగ్గర నడుస్తుంటే, దానితో ముడిపడిన ఆరోపణ మీద మిమ్మల్ని శిక్షించడానికి యాజమాన్యం ముందుగా ఆ అధికారి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఎంక్వైరీ జరపడానికి అడ్డు లేదు, శిక్ష వేయడానికే అడ్డు. వివాదం ఆయన దగ్గర నడుస్తోందని చూపడానికే జాయింట్ మీటింగ్ మినిట్స్ కాపీ తప్పనిసరిగా తెచ్చుకోండి. సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం మీ వల్ల కాకపోతే 75 శాతం జీవన భృతి రావాలి.

హైకోర్టుకు వెళ్దామని ఎవరో ఒకరు చెబుతారు. వెళ్లొచ్చు. కానీ బదిలీల్లో కోర్టులు అంత తేలిగ్గా జోక్యం చేసుకోవు, 'లేబర్ చట్టం కింద దారి ఉంది కదా' అని ముందే అడుగుతాయి. పైగా కక్ష కట్టారని ఆరోపిస్తే ఆ అధికారిని పేరుపెట్టి ప్రతివాదిగా చేర్చాలి. ఉద్యోగంలో ఉంటూ దానికి సిద్ధమేనా అని ఇంట్లో కూడా మాట్లాడుకోండి. మరోమాట, మీ హోదా సూపర్‌వైజర్‌గా మారి, నెల వేతనం 18 వేలు దాటి ఉంటే 'ఇతను కార్మికుడే కాదు' అని యాజమాన్యం మొదటే వాదిస్తుంది. మీరు రోజూ చేసేది చేతిపనేనని చూపే డ్యూటీ చార్టులు, లాగ్ షీట్లు ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి, ఆసిఫాబాద్ వెళ్లాక అవి దొరకవు.

మీకు మద్దతుగా అందరూ ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెడతామంటున్నారేమో, ఆపండి. సగం మంది, అంతకన్నా ఎక్కువ మంది కలిసి సెలవు పెడితే కొత్త కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కిస్తుంది. 14 రోజుల ముందస్తు నోటీసు లేకపోతే అది చట్టవిరుద్ధ సమ్మె.

ఆ వాట్సాప్ మెసేజ్ మాత్రం డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. దానికి ముందూ వెనకా ఎవరేమన్నారో కూడా ఉంటేనే మీరు అన్నది వెక్కిరింతా, డ్యూటీ చార్టు మీద ఫిర్యాదా అన్నది ఎంక్వైరీ ఆఫీసర్‌కు అర్థమవుతుంది.