గండికోట దగ్గర ఆరు మంచాల గదిలో రెండు రాత్రులు

డిసెంబరులో ఒంటరిగా గండికోట చూడడానికి హైదరాబాద్ నుంచి వస్తున్నానని, రాత్రికి రెండు వేలు పెట్టి గది తీసుకునే బదులు అయిదు వందలకు మంచం ఇచ్చే బ్యాక్‌ప్యాకర్స్ హాస్టల్‌లో దిగవచ్చా అని మీరు అడిగారు. ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య పడుకోవడమంటే మీ అమ్మగారు ఒప్పుకోవడం లేదని కూడా రాశారు. దిగవచ్చు. నేను దిగాను. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను: మంచాల ఫొటోలు చూసి నిర్ణయించుకోకండి. వంటిల్లు ఎలా ఉందో, అందులోకి మిమ్మల్ని రానిస్తారో లేదో కనుక్కోండి.

నాది ప్రొద్దుటూరు. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. గండికోట మా ఇంటి నుంచి నలభై కిలోమీటర్ల లోపే. పిల్లలను తీసుకువెళ్లడం, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూపించడం, లోయ అంచుకు పోవద్దని అరిచి అరిచి గొంతు పోగొట్టుకోవడం, చీకటి పడేలోగా లెక్కపెట్టి బస్సెక్కించడం. పదిహేనేళ్లుగా గండికోట అంటే నాకు ఇదే. అక్కడ సూర్యోదయం మాత్రం ఒక్కసారీ చూడలేదు. ప్రొద్దుటూరులో తొలి బస్సు పట్టుకుని జమ్మలమడుగులో మారినా, కోట చేరేసరికి ఎండ ఎక్కుతుంది. రాత్రి అక్కడే ఉంటే తప్ప కుదరదు.

మూడేళ్ల కిందట డిసెంబరులో రెండు రోజులు సెలవు దొరికింది. ఆ పక్కనే ఒక పల్లెలో ఇలాంటి వసతి ఉందని తోటి ఉపాధ్యాయురాలు చెప్పింది. పేరు రాయడం లేదు, రాస్తే ప్రచారం అనుకుంటారు. ఇంట్లో చెబితే మా అత్తగారు గరిటె పక్కన పెట్టి, "ఈ వయసులో హాస్టల్‌లో చేరడమేమిటమ్మా?" అన్నారు. ఆమె తప్పేమీ లేదు. మా వైపు హాస్టల్ అంటే ట్రంకు పెట్టె, నీళ్ల సాంబారు, వార్డెన్ కేకలు. ప్రయాణికులకు మంచం లెక్కన అద్దెకిచ్చే హాస్టల్ వేరే ఉంటుందని వివరించాక, ఇంకా పెద్ద ప్రశ్న వేశారు. "ఇంత దగ్గరలో ఇల్లు పెట్టుకుని డబ్బిచ్చి పడుకోవడం ఎందుకు?"

తమాషా ఏమిటంటే, ఆ వసతి వాళ్లకూ ఇదే సందేహం వచ్చింది. ఇది మీకు వర్తించదు గానీ ఈ జవాబు చదివే జిల్లావాళ్లకు పనికివస్తుంది. చాలా హాస్టళ్లలో అదే ప్రాంతం చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే మంచం ఇవ్వరు. స్థానికులు వచ్చి పార్టీలు చేసుకుంటారని, బయటి ప్రయాణికులను ఇబ్బంది పెడతారని వాళ్ల భయం. నా కార్డు మీద ప్రొద్దుటూరు అని చూసి అక్కడి కుర్రవాడు తల గోక్కున్నాడు. లోపలి నుంచి వాళ్లమ్మ వచ్చింది, యాభై దాటిన మనిషి, చేతులకు పిండి. నన్నూ, నా సంచినీ, నా చెప్పులనూ చూసి, "ఏం పాపా, ఒక్కదానివేనా? ఇంట్లో చెప్పే వచ్చినావా?" అని అడిగింది. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. చెప్పే వచ్చానన్నాను. "అయితే ఫోను చెయ్యి, నేను మాట్లాడతా" అంది. అలా మా అత్తగారికి ఫోను వెళ్లింది. దాని సంగతి తరువాత చెబుతాను.

ఇల్లు పాతది. గోడలు రాయి, నేల నాపరాయి, అలమరల అరలూ నాపరాయే. కడప జిల్లాలో ఇది వింత కాదు గానీ డిసెంబరు తెల్లవారుజామున ఒట్టి కాళ్లతో ఆ నేల మీద అడుగుపెడితే నెత్తికి ఎక్కుతుంది చలి. లోపల తొడుక్కోవడానికి వేరే చెప్పులు తెచ్చుకోండి. ఆడవాళ్లకు ఒక గది, మగవాళ్లకు ఒక గది, ఒక్కో గదిలో ఆరు మంచాలు, అంటే మూడు జతలు, ఒకదాని మీద ఒకటి. జమ్మలమడుగులోనే వెల్డింగ్ చేయించిన ఇనుప మంచాలు. పైమంచం మీద ఎవరైనా పక్కకు దొర్లితే కిందిమంచానికి వార్త అందుతుంది. ఒక్కో మంచానికి ఒక ప్లగ్గు, ఒక చిన్న లైటు, తాళం వేసుకోవడానికి ఒక ఇనుప పెట్టె. తాళం మనదే. స్నానాల గదులు రెండు, ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా వరుస. నేను ఉన్నప్పుడు మంచానికి రాత్రికి 450 రూపాయలు, భోజనానికి వేరేగా 120.

నిద్ర విషయం దాచను. మా గదిలో బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు నర్సులు ఉన్నారు. సూర్యోదయం కోసం నాలుగున్నరకు అలారం పెట్టుకున్నారు. అలారం మోగింది, వాళ్లు దాన్ని నొక్కేసి పడుకున్నారు, నేను లేచి కూర్చున్నాను. చిటుక్కుమంటే మెలకువ వచ్చే మనిషైతే ఇలాంటి చోటు మీకు సరిపడదు, లాడ్జి గదే తీసుకోండి. కోట దగ్గర పర్యాటక శాఖవారి హరిత హోటల్ కూడా ఉంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవారికి నేను అదే చెబుతాను.

సూర్యోదయం గురించి రాయడానికేమీ లేదు. మొదటి రోజు మబ్బు పట్టింది. రెండో రోజు కనిపించాడు, బాగుంది, ఫొటోలు మీరు చూసే ఉంటారు. లోయ అంచున కంచె లేదని, బండల మీద మంచుకు కాలు జారుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

నేను చెప్పాలనుకున్నది వంటింటి గురించి. మొదటి రోజు కోట నుంచి తిరిగి వచ్చేసరికి అక్క (అందరూ ఆమెను అలాగే పిలుస్తారు, నేనూ పిలిచాను) ఉగ్గాని చేస్తోంది. బొరుగులు నీళ్లలో వేసి ఒక్క నిమిషంలో తీసి పిండి పక్కన పెట్టాలి. ఆ పని తనకివ్వమని ఒక జర్మనీ కుర్రవాడు ముందుకు వచ్చాడు. ఆరడుగుల మనిషి, గుమ్మం దగ్గర ప్రతిసారీ తల వంచాల్సిందే. బలమంతా పెట్టి పిండాడు, బొరుగులు ముద్దయ్యాయి. "పిండద్దు నాయనా, పిట్టను పట్టుకున్నట్టు పట్టుకో" అంటూ అక్క అతని పిడికిలి మీద తన చెయ్యి వేసి చూపించింది. భాష తెలియకపోయినా అర్థమైంది. రెండో పిడికిలి సరిగ్గా వచ్చింది. తాలింపు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు, చివర పుట్నాల పొడి. పక్కన మిరపకాయ బజ్జీ. బజ్జీలో మిరపకాయ ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. తరువాత మజ్జిగ ఇచ్చాం.

తిన్న పళ్లెం ఎవరిది వాళ్లే కడగాలి, అది అక్కడి నియమం. తొట్టి దగ్గర వరుసలో నిలబడి ఉండగా, తమ దేశంలో మొట్టమొదటి యూత్ హాస్టల్ కూడా ఒక కోటలోనే పెట్టారని ఆ కుర్రవాడు చెప్పాడు. ఇంటికి వచ్చాక చదివాను. 1909లో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు పిల్లలను కాలినడకన యాత్రకు తీసుకువెళ్లి గాలివానలో చిక్కుకున్నాడు. ఒక పల్లెలోని బడిలో తలదాచుకుని, గడ్డి పరుచుకుని రాత్రి గడిపారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లన్నీ పిల్లలకు విడిది అయితే బాగుంటుందనే ఆలోచన అప్పుడు పుట్టింది. 1912లో ఆల్టెనా అనే ఊళ్లోని కోటలో హాస్టల్ మొదలైంది. ఆనాటి మంచాలను ఆ కోటలో ఇప్పటికీ చూపిస్తారట. నలభై మంది పిల్లలను వానలో తడవకుండా ఎక్కడ పెట్టాలా అని దిక్కులు చూసిన రోజులు నాకూ ఉన్నాయి కాబట్టి, ఆ పంతులు మా బడి స్టాఫు రూములో మనిషిలాగే అనిపించాడు.

బదులుగా నేను టావెర్నియర్ గురించి చెప్పాను. ఫ్రాన్స్ నుంచి వచ్చిన రత్నాల వ్యాపారి, 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఈ గండికోటకే వచ్చాడు. పాఠంలా మొదలుపెట్టానేమో, నర్సుల్లో ఒకామె చెయ్యి ఎత్తి ప్రశ్న అడిగింది.

పళ్లేలు కడుగుతూనే మరునాటి ప్రయాణం కుదిరింది. బెలూం గుహలు అక్కడికి 60 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి, కొలిమిగుండ్ల మండలం. ఒకప్పుడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఒక్కరు కారు మాట్లాడుకుంటే మంచానికి మిగిల్చిన డబ్బంతా దానికే పోతుంది. నలుగురం కలిసి వెళ్లాం కాబట్టి ఖర్చు నాలుగో వంతుకు దిగింది. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని రానిచ్చేది కిలోమీటరున్నర. బయట చలికాలమైనా లోపల ఉక్కకు చెమటలు పడతాయి, శాలువా కారులోనే వదిలేయండి. 1982, 1983లలో ఆ గుహలను కొలిచి పటం గీసింది డేనియల్ గెబాయర్ నాయకత్వంలోని జర్మనీ బృందమే అని చెబితే మన కుర్రవాడు నమ్మలేదు. తరువాత దారి పొడవునా తానే కొలిచినట్టు నడిచాడు.

ఇప్పుడు వంటింటి మాట మళ్లీ ఎందుకంటే, అంతకు రెండేళ్ల ముందు శిక్షణ కోసం వేరే రాష్ట్రానికి వెళ్లినప్పుడు మరో హాస్టల్‌లో ఉన్నాను. మంచానికి మంచానికి మధ్య తెరలు, మెత్తని పరుపులు, గోడల మీద రంగురంగుల బొమ్మలు. ఫొటోల్లో ఇంతకంటే ఎంతో బాగుంది. వంటింటికి మాత్రం తాళం. ఎనిమిది మందిమి ఎనిమిది తెరల వెనక ఎవరి ఫోను వాళ్లు చూసుకున్నాం. అర్ధరాత్రి కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. చెప్పుకుందామంటే మనిషి లేడు, బల్ల మీద ఒక ఫోను నంబరు ఉంది. అది మోగుతూనే ఉంది. దుప్పటి ఎప్పుడు మార్చారో ఆ దేవుడికే తెలియాలి. నిర్వాహకులు అదే చోట తిని, అదే చోట పడుకుంటే నీళ్లు ఆగినప్పుడు వాళ్లకూ ఆగుతాయి. అది చాలా పెద్ద తేడా. అందుకే ఫోను చేసినప్పుడు "వంట ఎవరు చేస్తారు? రాత్రి మీలో ఎవరు ఉంటారు?" అని అడగండి. తడుముకుంటే వదిలేయండి. ఆడవాళ్లకు వేరే గది ఉందా, దానికి లోపలి నుంచి గడియ ఉందా అన్నదీ మొహమాటం లేకుండా అడగండి.

ఆధార్ అసలు కార్డే తీసుకురండి, ఫోనులో ఫొటో చాలదు. మీ గదిలో విదేశీయులు ఉంటే కంగారు పడనవసరం లేదు, వాళ్ల వివరాలను నిర్వాహకులు 24 గంటల్లోగా అధికారులకు పంపాలి. నిజానికి మనకంటే వాళ్ల లెక్కే గట్టిగా ఉంటుంది. నగదు జమ్మలమడుగులోనే తీసుకోండి, కోట దగ్గర ఫోనుతో చెల్లిద్దామంటే సిగ్నలు దోబూచులాడుతుంది. రైలులో వస్తే ముద్దనూరులో దిగి బస్సులో జమ్మలమడుగు రండి. అక్కడి నుంచి కోటకు 15 కిలోమీటర్లు ఉంటుంది, బస్సులు తక్కువ, ఆటోకు బేరం ముందే చేసుకోండి. కోతులున్నాయి, తినే వస్తువు చేతిలో పట్టుకుని నడవకండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎవరు ఉచితంగా మంచం ఇచ్చినా రాకండి, ఆ రాతి నేల రాత్రి పదింటికి కూడా పెనంలా ఉంటుంది.

మీ అమ్మగారి సంగతి. మీరు ఎంత చెప్పినా లాభం లేదు, ఆమె చేతనే అక్కడికి ఫోను చేయించండి. మా అత్తగారు ఆ రోజు ఫోనులో మొదట పోలీసులా మొదలుపెట్టారు. ఎవరు మీరు, ఎన్ని గదులు, మగవాళ్లు ఎటువైపు ఉంటారు, తలుపుకు గడియ ఉందా. నేను పక్కన నిలబడి నేల చూపులు చూస్తున్నాను. పది నిమిషాల తరువాత అక్క నవ్వుతూ ఫోను నా చేతికిచ్చింది. అవతల అత్తగారి గొంతు మారిపోయింది. "రాత్రికి సంగటి చేస్తుందట, లోపలికి ఊరిబిండి. నీకు కారం ఎక్కువైతే నెయ్యి అడుగు, మొహమాటపడకు" అని పెట్టేశారు.

తాళం ఇంటి నుంచే తెచ్చుకోండి. దారిలో హడావిడిగా కొన్నది రెండో రోజు ఉదయం మొరాయించింది. నా పర్సు, ఫోను చార్జరు, పళ్లపొడి అన్నీ పెట్టెలోనే ఉండిపోతే, అక్క కొడుకు నాపరాయి ముక్క తెచ్చి నాలుగు దెబ్బలు కొట్టి తెరిచాడు. గదిలో అందరూ లేచారు, ఆ నర్సులు కూడా.