లారీ నేర్చుకోవాలంటే స్కూల్లో చేరాలా, క్లీనర్‌గా ఎక్కాలా?

ప్రశ్న: "నాకు 23 ఏళ్ళు. మూడేళ్ళుగా టాటా ఏస్ తోలుతున్నాను, ఎల్ఎంవీ (చిన్న బండి) లైసెన్సు ఉంది. ఇప్పుడు లారీకి మారాలని ఉంది. డ్రైవింగ్ స్కూల్లో హెవీ నేర్చుకుంటే సరిపోతుందా? రెండేళ్ళు క్లీనర్‌గా తిరిగితేనే లారీ వస్తుందని మా బాబాయి అంటున్నాడు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది, కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. నేర్చుకున్నవాళ్ళు చెప్పండన్నా."

జవాబు:

తమ్ముడూ, ముందు నీ అనుమానాల్లో తేలికైనవి తేల్చేద్దాం. ఏడో తరగతి అడ్డం కాదు. ట్రాన్స్‌పోర్ట్ బండి లైసెన్సుకు ఎనిమిది చదివి ఉండాలన్న నిబంధనను 2019లోనే ఎత్తేశారు. అయినా ఆర్టీఏ ఆఫీసు బయట బ్రోకర్లు "మెమో లేకపోతే కష్టం, నేను చూసుకుంటాలే" అంటూనే ఉంటారు. నీ భయమే వాళ్ళకు బేరం. వయసు 20 నిండాలి, ఎల్ఎంవీ లైసెన్సు వచ్చి ఏడాది దాటాలి. ఆ రెండూ నీకున్నాయి. కళ్ళద్దాలు పెట్టుకునైనా సరే, పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని నంబర్ ప్లేటు చదవగలగాలి. మిగతా ఆరోగ్యం బాగుంటే డాక్టరు ఆరోగ్య సర్టిఫికెట్ (ఫారం 1ఏ) మీద సంతకం పెడతాడు. ఎల్ఎల్ఆర్ (లెర్నింగ్ లైసెన్సు) తీసుకున్నాక 30 రోజులు దాటితే గానీ టెస్టుకు పిలవరు. ఆ నెల రోజులే నువ్వు నేర్చుకునే కాలం అనుకో.

ఇక అసలు సంగతి. నేనూ చిన్న బండి మీంచే వచ్చాను. నరసరావుపేట చుట్టుపక్కల పికప్‌లో ఎరువులు, పశువుల దాణా తోలేవాణ్ణి. తర్వాత స్కూల్లో హెవీ నేర్చుకుని, గుంటూరులో సెకండ్ డ్రైవర్‌గా లారీ ఎక్కాను. నా లెక్కలో స్కూలు తప్పనిసరి, రెండేళ్ళ క్లీనర్ పని అక్కర్లేదు. కానీ స్కూలు ఒక్కటే చాలదు. స్కూల్లో నీకు వచ్చేది ఖాళీ బండి. లోడు ఎక్కిందంటే అదే లారీ వేరే బండైపోతుంది. అది స్కూలు అయ్యాక సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

మీ బాబాయి మాట ఉత్తదేం కాదు. పాతకాలం డ్రైవర్లంతా అలా వచ్చినవాళ్ళే. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు గురువు స్టీరింగ్ ఇస్తే నేర్చుకున్నారు. చిక్కేంటంటే గురువు పనితనంతో పాటు ఆయన దురలవాట్లు కూడా వచ్చేస్తాయి. దిగుడులో న్యూట్రల్ కొట్టడం, క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం, ఇండికేటర్ బదులు చెయ్యి ఊపడం. ఇంకో మాట. హెవీ టెస్టుకు దరఖాస్తు పెట్టాలంటే స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ కావాలి. కాబట్టి క్లీనర్‌గా ఎన్నేళ్ళు తిరిగినా చివరికి ఏదో ఒక స్కూలు గడప తొక్కాల్సిందే.

సర్టిఫికెట్ తప్పనిసరి కాబట్టే కొన్ని స్కూళ్ళు నేర్పడం మానేసి దాన్ని అమ్ముకుంటున్నాయి. "రెండు సార్లు రా చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్. ఆ కాగితంతో లైసెన్సు వస్తుంది గానీ లారీ రాదు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు కేంద్రం 2021లో ఒక కొలత పెట్టింది. హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు, థియరీ, ప్రాక్టికల్ కలిపి. నువ్వు చేరేది మామూలు స్కూలే అయినా ఈ కొలత మనసులో పెట్టుకుని అడుగు. ఫీజు కన్నా ముందు అడగాల్సింది, ఒక్కో బండికి ఎంతమంది, రోజుకి నా చేతికి స్టీరింగ్ ఎంతసేపు వస్తుంది అని. ఆ తర్వాత బండి చూడు. మాస్టారి వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉన్నాయా? శిక్షణ బండికి అవి ఉండి తీరాలి. సొంత స్థలం ఉందా? రోడ్డు మీద రివర్స్ నేర్పుతామనేవాళ్ళ దగ్గర రివర్స్ రాదు, పక్కవాళ్ళ తిట్లు మాత్రం వస్తాయి.

తెలంగాణలో అయితే సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ప్రభుత్వం అశోక్ లేలాండ్‌తో కలిసి పెట్టిన శిక్షణ సంస్థ ఉంది, కనుక్కో. ఆంధ్రాలో ఆర్టీసీ వాళ్ళే కొన్ని డిపోల్లో హెవీ నేర్పుతున్నారు. ఆర్టీసీ మాస్టార్ల దగ్గర నేర్చుకున్నవాడి చెయ్యి వేరుగా ఉంటుందని నా నమ్మకం. మా స్కూల్లో మాస్టారు కూడా ఆర్టీసీలో రిటైరైన మనిషే.

ఆయన మొదటి రోజు ఇంజను స్టార్ట్ చెయ్యనివ్వలేదు. ఒకణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఇంకొకణ్ణి బంపరుకు ఎడమ మూల నిలబెట్టాడు. "కనపడుతున్నాడా?" "లేదు సార్." ఒకడుగు ముందుకి జరిపాడు. "ఇప్పుడు?" "లేదు సార్." నా వంతు వచ్చి నేను సీట్లోంచి చూస్తే అక్కడ మనిషే లేడు. చెయ్యి పైకెత్తమంటే ముందు అద్దం అంచున నాలుగు వేళ్ళ కొసలు తేలాయి. "స్కూటీ మీద పోయే పిల్ల వీడికన్నా పొట్టిగా ఉంటది రా" అన్నాడు మాస్టారు. ఏస్‌లో రోడ్డు నీ కాళ్ళ ముందే ఉంటుంది కాబట్టి ఈ సంగతి తట్టదు. లారీలో సిగ్నల్ పడి కదిలే ప్రతిసారీ ఆ మూలలో ఎవరో ఉన్నారనే అనుకోవాలి. క్లీనర్ ఉంటే ఎడమ వైపు ఆయన కళ్ళు, లేకపోతే ముందువైపు పైన బిగించే గుండ్రటి అద్దం. అది సరిగ్గా తిప్పుకున్నాకే బండి ఎత్తు.

తర్వాత మలుపులు. లారీలో నువ్వు కూర్చునేది ముందు చక్రాల మీద, ఇంకా చెప్పాలంటే వాటికి కాస్త ముందుకి. వెనక చక్రాలు ఎక్కడో దూరంగా ఉంటాయి. ఏస్ తిప్పినట్టు మలుపు రాగానే తిప్పావంటే వెనక చక్రం మూలని కోసుకుంటూ లోపలికి వస్తుంది. అక్కడ కరెంటు స్తంభం ఉండొచ్చు, మనిషి ఉండొచ్చు. మా గ్రౌండులో మూల మీద ఖాళీ వాటర్ బాటిల్ నిలబెట్టేవాళ్ళు. అది 'టప్' మందంటే ఇంకో రౌండు కొట్టాలి. నేరుగా ముందుకి పోనిచ్చి, నీ భుజం మలుపు దాటాక తిప్పడం మొదలుపెట్టాలి. ఆ పక్క అద్దంలో వెనక చక్రాన్ని చూస్తూనే ఉండాలి. ఇంకోటి, బండి ఎడమకి తిరుగుతుంటే వెనక బాడీ కొస కుడికి ఊగుతుంది. ఇరుకు సందుల్లో పక్కన ఆగిన కారు అద్దాలు విరిగేది దీనివల్లే.

గాలి బ్రేకు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, చిన్న బండి మీంచి వచ్చేవాళ్ళకు అన్నిటికన్నా కొత్త ఇదే. ఏస్‌లో పెడల్ నొక్కితే ఆయిల్ నెడుతుంది. లారీలో కంప్రెసర్ ట్యాంకుల్లో గాలి నింపుతుంది, నీ కాలు ఆ గాలిని వదులుతుందంతే. పొద్దున స్టార్ట్ చెయ్యగానే బయల్దేరకూడదు. గాలి మీటర్లో ముల్లు ఎనిమిది దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. గాలి తక్కువుంటే బజర్ మోగుతుంది. హ్యాండ్ బ్రేకు ఇంకా తమాషా. అది పట్టేది స్ప్రింగుతో, వదిలేది గాలితో. అందుకే గాలి పోతే బ్రేకులు పోతాయనుకుంటారు గానీ, వెనక చక్రాలు పట్టేసి బండి కదలదు. రోడ్డు మధ్యలో 'జామ్ అయిపోయింది' అని ఆపేసిన లారీల్లో చాలావాటికి ఎక్కడో గాలి గొట్టం కారుతుంటుంది. ఇంజను ఆపి చెవి పెట్టి వింటే 'సుస్' మనే చప్పుడే చోటు చెప్తుంది. ట్యాంకుల్లో చేరే నీళ్ళు కూడా రోజూ కింద వాల్వు లాగి వదలాలి. నీ కాలికీ బ్రేకుకీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. 60లో వెళ్తుంటే ఆ లోపలే బండి చాలా మీటర్లు పోతుంది. ముందున్న బండికి ఎడం ఇవ్వమనేది అందుకే.

గేర్ల సంగతికి పెద్ద టెన్షన్ పడొద్దు, నాలుగు రోజుల్లో చేతికి వస్తాయి. ఖాళీ బండిని సెకండ్‌లోనే ఎత్తుతారు, ఫస్టు లోడుకీ ఎక్కుడుకీ. హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు ఉంటే ఏస్‌లోనే మానుకో. లారీ క్లచ్ ప్లేటు కాలితే ఓనరు నీ జీతం వైపు చూస్తాడు.

రివర్స్ చాలామందిని ఏడిపిస్తుంది. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూస్తూ రావడం పాత పద్ధతి, దాంతో కుడి పక్క ఒక్కటే కనపడుతుంది. రెండు అద్దాల్లో రెండు వెనక చక్రాలనీ మార్చి మార్చి చూస్తూ, మనిషి నడకకన్నా నిదానంగా రావాలి. క్లీనర్ "రా, రా, రా" అంటూ బాడీ మీద చరుస్తుంటాడు కదా, ఆ చప్పుడు నమ్ముకోకు. మనిషి అద్దంలో కనపడకపోతే ఆపెయ్, దిగి చూడు. దిగి చూసే డ్రైవర్‌ని చూసి నవ్వేవాళ్ళు ఉంటారు, నవ్వనీ. టెస్టులో ఎంవీఐ, అదే మనవాళ్ళ బ్రేక్ ఇన్‌స్పెక్టర్, ఎక్కువగా చూసేది కూడా రివర్సే.

ఇక స్కూలు చెప్పలేనివి. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కిస్తే బరువు పరిమితిలోనే ఉంటుంది గానీ లోడు ఎత్తుగా లేస్తుంది. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగి, ఒక్క క్షణం ఆగి తిరిగి వస్తుంది. మొదటిసారి ఆ ఒరుగు తగిలినప్పుడు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది. చీమకుర్తి గ్రానైట్ దిమ్మ దీనికి పూర్తి వ్యతిరేకం. ఎత్తు ఉండదు, ఊగదు, కానీ గొలుసులు సరిగ్గా బిగించకపోతే సడన్ బ్రేకు కొట్టినప్పుడు దిమ్మ ఆగదు, క్యాబిన్ మీదికి వస్తుంది. ఇలాంటివి గ్రౌండులో ఎవరు నేర్పుతారు?

ఘాట్ కూడా అంతే. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల దాటేటప్పుడు సీనియర్ నాకు చెప్పింది ఒకటే సూత్రం. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగు. దిగుడు మొదలవ్వకముందే గేర్ తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగ దారిని మూసి వేగం తగ్గించేది) వేసి, బండి బరువుని ఇంజను చేత మోయించాలి. కాలి బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి, కాలిన వాసన వచ్చి, చివరికి తొక్కినా పట్టవు. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. ఇప్పటి ఇంజన్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ సరఫరా దానంతటదే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజను తిరగడానికి కొంత తాగుతూనే ఉంటుంది. మిగిలేది లేదు సరే, బండి మీద పట్టు కూడా పోతుంది.

క్లీనర్ పనిలో నేర్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి, వాటికి నెలా రెండు నెలలు చాలు. రాడ్డుతో టైరు కొట్టి చప్పుడుని బట్టి గాలి చెప్పడం, జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి తీయడం, పట్టా కప్పి తాడు బిగించడం, కాటా దగ్గర చీటీ సరిచూసుకోవడం. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి అయితే డీజిల్‌తో పాటు యూరియా ద్రావణం ట్యాంకు కూడా చూసుకోవాలి, అది అయిపోతే ఇంజను శక్తి తగ్గించేస్తుంది. ఇవి సెకండ్ డ్రైవర్‌గా ఉంటూనే వస్తాయి.

డబ్బు సంగతి నువ్వు అడగలేదు గానీ అడగాల్సింది అదే. జీతం ఎంత, బత్తా (దారి ఖర్చుల డబ్బు) రోజుకా ట్రిప్పుకా, టోల్, హమాలీ ఎవరి ఖాతా, ఆలస్యమై లోడు దగ్గర ఆగిన రోజులకి బత్తా ఉందా, ఇవన్నీ ఎక్కకముందే మాట్లాడుకో. చట్టం ప్రకారం మోటారు కార్మికుడికి రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని. రోడ్డు మీద అది ఎంతమందికి దక్కుతుందో నువ్వే చూస్తావు. అయినా నిద్ర వస్తే ఆపుతానని ఓనరుతో మొదటి రోజే చెప్పెయ్. కొంచెం మంచి జరిగిందంటే, 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. పాత బండి దొరికితే మాత్రం మే నెలలో ఇంజను వేడి కాళ్ళకి తగులుతుంది, తడి తువ్వాలు దగ్గర పెట్టుకో.

దుబాయ్ వెళ్ళే ఆలోచన ఉందేమో తెలీదు, ఉంటే ఇక్కడి హెవీ లైసెన్సుతోనే అక్కడ లారీ తోలెయ్యొచ్చనే ఏజెంటు మాట నమ్మకు. అక్కడ మళ్ళీ స్కూలు, మళ్ళీ టెస్టు, పైగా స్టీరింగ్ ఎడమ వైపు.

మొదటి బండిగా ట్రైలర్‌కి ఆశపడకు. ఆరు టైర్ల బండి అడుగు. ఒకే రూట్లో పగటి ట్రిప్పులు ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ దొరికితే జీతం ఇంకొంచెం తక్కువైనా ఒప్పుకో. గుంటూరు వైపు రాగలిగితే ఫిబ్రవరి, మార్చిలో రా. మిర్చి సీజన్‌లో బళ్ళు ఎక్కువ తిరుగుతాయి, సెకండ్ డ్రైవర్ కోసం ఓనర్లే వెతుక్కుంటారు. ఆ లెక్కన ఎల్ఎల్ఆర్ డిసెంబర్ లోపే తీసుకో.