కారు ముందు భాగం నలిగితేనే లోపలి మనిషికి మేలు

మీ ప్రశ్నలో రెండు సందేహాలు ఉన్నాయి. ఒక మోస్తరు గుద్దుకే ముందు భాగమంతా నుజ్జయ్యే ఇప్పటి కార్లు వెనకటి మందపాటి రేకుల కార్లకన్నా బలహీనమైనవి కావా అన్నది మొదటిది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్న కారులో సీటు బెల్టు కూడా పెట్టుకోవలసిన అవసరమేమిటన్నది రెండవది. ప్రమాదాలకు గురైన వాహనాలను పరిశీలించి బీమా సంస్థలకు నష్టం అంచనా నివేదికలు రాసి ఇచ్చే సర్వేయరుగా చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను కనుక, చదివినదానికి చూసినదాన్ని కూడా చేర్చి సమాధానం రాస్తున్నాను.

ముందుగా లెక్క చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి పడిన మనిషి ఇదే వేగంతో నేలను తాకుతాడు. గోడను గుద్దిన కారు ముందు భాగం 60 సెంటీమీటర్ల మేర నలిగి ఆగిందనుకుంటే, బెల్టుతో సీటుకు కట్టుబడి ఉన్న మనిషి శరీరం కూడా ఇంచుమించు ఆ దూరం పొడవునా క్రమంగా ఆగుతుంది. అప్పుడు అతని మీద పడే బలం సగటున అతని బరువుకు 16 రెట్లు. బెల్టు లేని మనిషి మాత్రం కారు ఆగిపోతున్నా అదే వేగంతో ముందుకు వెళ్లి డ్యాష్‌బోర్డుకో స్టీరింగుకో తగులుతాడు. అక్కడ ఆగడానికి 5 సెంటీమీటర్లే దొరికితే ఆ బలం బరువుకు దాదాపు 200 రెట్లవుతుంది. కారూ అదే, వేగమూ అదే. ఆగడానికి దొరికిన దూరంలోనే ఉంది తేడా అంతా. ఢీకొన్నప్పుడు పనిచేసే రక్షణ ఏర్పాట్లలో ఏది తీసుకున్నా, శరీరానికి ఈ దూరాన్ని ఎంతో కొంత పెంచడానికో, తగిలే బలాన్ని గట్టి ఎముకల మీద పరచడానికో పెట్టిందే.

ఇక నలగడం సంగతి. కారు ముందు, వెనక భాగాలు ఒక క్రమంలో నలిగేలాగా, మనుషులు కూర్చునే మధ్య గది మాత్రం ఆకారం చెడకుండా ఉండేలాగా కట్టాలన్న ఆలోచనకు మెర్సిడెస్ బెంజ్ ఇంజినీరు బేలా బరేనీ 1951లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1959లో ఆ కంపెనీ ఈ పద్ధతిలో కట్టిన కారును అమ్మకానికి తెచ్చింది. పాత కార్లే గట్టివన్న నమ్మకాన్ని అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే ఒక రహదారి భద్రతా సంస్థ 2009లో పరీక్షకు పెట్టింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబూను చెరొకటి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో కొంత మేర మాత్రమే తగిలేలా ఎదురెదురుగా ఢీకొట్టించారు. చూడడానికి ఉక్కు కోటలా ఉన్న పాత కారు డ్రైవరు గది కుప్పకూలింది. అందులో ఉన్నది బొమ్మ కాక మనిషే అయితే బతికే అవకాశం లేదని తేల్చారు. కొత్త కారు ముందు భాగం పూర్తిగా నలిగినా గది నిలిచింది. డ్రైవరుకు కాలి గాయం మాత్రమే అయి ఉండేదని నిర్ధారించారు.

నేను ప్రమాదానికి గురైన కారు దగ్గరికి వెళ్లినప్పుడు బానెట్ ఎంత నలిగిందన్నది తర్వాత చూస్తాను. ముందు డ్రైవరు తలుపు పిడి పట్టి లాగుతాను. రేడియేటరు ఇంజను మీదికి ఒరిగిపోయిన కారులో కూడా ఆ తలుపు మామూలుగా తెరుచుకుని, మళ్లీ చప్పుడు లేకుండా మూసుకుంటే, ముందు అద్దం పక్కనున్న స్తంభం వంగలేదని, గది తన పని తాను చేసిందని అర్థం. అలాంటి కార్లు మరమ్మతుకు లాభసాటి కావు, తుక్కుకే పోతాయి. యజమానులు బాధపడతారు, కాని అందులోని మనుషులు తరచూ తమ కాళ్ల మీద తాము నడిచి వచ్చి నాతో మాట్లాడిన వాళ్లే.

అయితే కారు నలిగి సంపాదించిన దూరం మనిషికి అందాలంటే మనిషి కారుకు కట్టుబడి ఉండాలి. ఆ పని చేసేది బెల్టు ఒక్కటే. భుజం మీది నుంచి, నడుము మీది నుంచి సాగే మూడు బిందువుల బెల్టును వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించారు. ఆ పేటెంటును ఇతర తయారీదారులు కూడా వాడుకోవడానికి వోల్వో అనుమతించింది. ఆ బెల్టు బలాన్ని కాలర్ ఎముక (మెడ కింద నుంచి భుజం దాకా సాగే ఎముక), పక్కటెముకలు, తుంటి ఎముకల మీదికి మళ్లిస్తుంది. అందుకే నడుము పట్టీ పొట్ట మీద కాకుండా కిందికి, తుంటి ఎముకలకు ఆనుకుని ఉండాలి. పొట్ట మీదుంటే అదే పట్టీ లోపలి అవయవాలను గాయపరుస్తుంది. ఇప్పటి బెల్టుల్లో ఇంకో రెండు ఏర్పాట్లు ఉంటాయి. గుద్దుకున్న క్షణంలోనే చిన్న పేలుడు పదార్థం సాయంతో బెల్టును కొన్ని సెంటీమీటర్లు వెనక్కి లాగి వదులు లేకుండా చేసేది మొదటిది. బలం ఒక హద్దు దాటగానే బెల్టును కొద్దికొద్దిగా వదులుతూ పక్కటెముకలు విరగకుండా చూసేది రెండవది. వినడానికి ఒకదానికొకటి విరుద్ధంగా తోచినా, ముందు బిగించి పట్టుకోవడం, తర్వాత మెల్లగా వదలడం అన్న ఈ వరుసలోనే నేర్పంతా ఉంది.

బెల్టు పెట్టుకున్నారా లేదా అన్నది బెల్టే చెబుతుంది. భుజం పక్కన స్తంభానికి ఉన్న కొక్కెం గుండా బెల్టు పట్టీ వెళ్లే చోట, రాపిడి వేడికి ప్లాస్టిక్కు గీసుకుపోయి, పట్టీ అంచు మీద కరిగిన మెరుపు గీత కనిపిస్తుంది. పెట్టుకోని బెల్టు మీద ఆ గీత ఉండదు. అది స్తంభానికి అతుక్కుని, లాగినా రాకుండా బిగుసుకుపోయి ఉంటుంది. హెచ్చరిక శబ్దం ఆగడానికి బకిల్‌లో ఉత్త క్లిప్పు గుచ్చి ఉన్న కార్లను కూడా చూశాను. అలాంటి కార్ల నివేదికలు రాయడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. వెనక సీటు వాళ్లకు కూడా ఇదంతా వర్తిస్తుంది. బెల్టు లేని వెనక సీటు మనిషి బరువంతా ముందు సీటు మీద పడి, బెల్టు పెట్టుకున్న ముందు మనిషిని కూడా నలిపేస్తుంది.

ఇప్పుడు మీ రెండవ సందేహానికి వస్తాను. ముందు ఎయిర్‌బ్యాగ్ గుద్దును పసిగట్టాక సెకనులో నూరింట మూడు వంతుల సమయంలో, అంటే సుమారు 30 మిల్లీసెకన్లలో నిండుతుంది, నిండిన వెంటనే వెనకనున్న రంధ్రాల గుండా గాలి వదులుతూ తల, ఛాతీ మెత్తగా ఆగేలా చేస్తుంది. పూర్తిగా నిండిన సంచీకి మనిషి తగిలితేనే మేలు. బెల్టు లేని మనిషి అప్పటికే ముందుకు తూలి, నిండుతున్న సంచీకి ఎదురు వెళతాడు. ఆ తాకిడి ప్రాణాంతకం కావచ్చు. డ్రైవరు ఛాతీకి, స్టీరింగుకు మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలన్నది, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు ఎన్నడూ పెట్టకూడదన్నది ఇందుకే. పైగా ముందు ఎయిర్‌బ్యాగులు ముందు నుంచి తగిలిన గట్టి దెబ్బలకే తెరుచుకుంటాయి. వెనక నుంచి గుద్దినప్పుడు సాధారణంగా తెరుచుకోవు. అక్కడ మెడను కాపాడేది సీటు, దాని తల దిండు. ఆ దిండును తల పైభాగం దాకా ఎత్తి, తలకు దగ్గరగా సర్దుకోవాలి.

కొన్నేళ్ల కిందట నేను డ్రైవరు పక్కన కూర్చుని వెళుతున్న కారును ఎదురుగా వచ్చిన వాహనం ముందు మూలన గుద్దింది. సంచీ తెరుచుకోవడం నేను చూడనే లేదు. చూసేసరికి అది చప్పబడి వేలాడుతోంది. కారంతా పొగలా తెల్లటి పొడి, టపాకాయలు కాల్చిన వాసన, చెవుల్లో హోరు. నిప్పంటుకుందేమోనని భయపడ్డాను, అది సంచీ మడతలు అంటుకోకుండా చల్లే పొడి, గ్యాసు పుట్టించే రసాయనం మసి అని నాకు తెలిసి ఉండి కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు. భుజం నుంచి తుంటి దాకా ఏటవాలుగా కమిలిన బెల్టు ముద్ర వారాల తరబడి ఉంది. మరో గాయం లేదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకుంటున్నట్టు కూడా రాశారు కనుక ఒక మాట. ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగును, బిగుసుకున్న బెల్టును మార్చాల్సిందే, బాగు చేయడానికి వీలుండదు. ఖర్చు తప్పించుకోవడానికి మూత మాత్రం అతికించి అమ్మేసిన కార్లు నా పరిశీలనకు వచ్చాయి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేసి ఉండవచ్చు. ప్రతి సీటు బెల్టునూ చివరిదాకా బయటికి లాగి, పట్టీ అంచు మీద నేను పైన చెప్పిన మెరుపు గీత ఉందేమో వెలుతురులో చూడండి.