స్టాప్‌లాస్ పెట్టి పడుకునే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

స్టాప్‌లాస్ పెట్టేశాను, ధర పడితే షేరు దానంతటదే అమ్ముడైపోతుంది, ఇక నిశ్చింత అని రాశావు. నీ నిశ్చింత చూసే నాకు భయమేసింది.

100కి కొన్న షేరుకి 92 ట్రిగ్గర్ పెట్టావంటే 92కే అమ్ముతారని కాదురా. ధర 92 తాకగానే నీ ఆర్డరు నిద్రలేస్తుంది, అంతే. లేచాక అది ఉత్త మార్కెట్ ఆర్డరు. కొనేవాడు ఎంతిస్తే అంతకి పోతుంది. రాత్రి చెడ్డ కబురొచ్చి పొద్దున మార్కెట్ 84 దగ్గర తెరుచుకుంటే, 84 చుట్టుపక్కలే అమ్ముడవుతుంది. నాకోసారి అలాగే అనుకున్నదానికి రెండింతలు పోయింది. బ్రోకరుతో గొడవపడ్డాను కూడా. పాపం, ఆయన తప్పేం లేదు.

కరెన్సీల్లోనూ ఇదే జరిగింది. యూరో ధరని 1.20 ఫ్రాంకుల కిందికి దిగనివ్వకుండా పెట్టిన అడ్డుకట్టని 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు ఉన్నట్టుండి ఎత్తేసింది. యూరోలు కొని, దాని కిందే స్టాపులు పెట్టుకుని ధీమాగా ఉన్నవాళ్ళవి ఎంతో దిగువ ధరకి అమ్ముడయ్యాయి.

అయితే స్టాప్ లిమిట్ పెడతానంటావు, అంటే ట్రిగ్గరుతో పాటు ఇంతకంటే తక్కువకి అమ్మొద్దని ఓ లిమిట్ ధర కూడా. 92 ట్రిగ్గర్, 91 లిమిట్ అనుకో. 84కి తెరిస్తే ఆ ఆర్డరు అలా పడి ఉంటుంది, షేరు నీ నెత్తిమీదే ఉంటుంది. మొదటిది ధరకి హామీ ఇవ్వదు, ఇది అమ్మకానికి ఇవ్వదు. ఎలాగైనా బయటపడాలంటే నేను మొదటిదే పెడతాను. కొనేవాళ్ళు పలచగా ఉండే షేర్లకి మాత్రం రెండోది, అదీ ట్రిగ్గరుకీ లిమిట్‌కీ మధ్య కాస్త చోటు వదిలి.

ధర పెరిగేకొద్దీ దాని వెనకే పైకి జరిగే ట్రైలింగ్ స్టాప్ లాభాల్లో ఉన్నప్పుడు బాగుంటుంది. 8 దూరం పెడితే, ధర 120కి ఎక్కినప్పుడు స్టాపు 112కి జరుగుతుంది; ధర దిగితే అక్కడే నిలబడుతుంది. మరీ దగ్గరగా పెడితే మాత్రం రోజువారీ ఊగిసలాటకే బయటికి నెట్టేస్తుంది.

లాభానికి అమ్మే టార్గెట్, స్టాప్ రెండూ పెట్టాలంటే విడివిడిగా వద్దు, ఓసీవో (వన్ క్యాన్సిల్స్ ది అదర్) పెట్టు. ఒకటి అమలైతే రెండోది దానంతటదే రద్దవుతుంది. విడిగా పెట్టి మర్చిపోతే, టార్గెట్‌లో అమ్మేశాక ధర పడినప్పుడు స్టాపు కూడా లేచి, లేని షేరు అమ్మి కూర్చుంటావు.

ఇంతకీ నువ్వు పెట్టింది డే ఆర్డరేనా? అయితే సాయంత్రం మార్కెట్ మూసేసరికే రద్దయిపోయి ఉంటుంది. ఆర్డర్ బుక్ తెరిచి చూసి నాకు రాయి.

ఇట్లు,
మామయ్య