సిగలో పువ్వు, తెర మీద మీట

అమ్మాయీ,

ఇండోనేషియా వికీపీడియాలో స్త్రీల గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నిండా శాతాలే. రెండో పేజీలో ‘సాధికారత’ పదకొండుసార్లు వచ్చింది. పెన్సిలుతో గుర్తు పెట్టి మరీ లెక్కపెట్టాను, కోపం తెచ్చుకోకు. మనిషి మాత్రం ఒక్కరూ కనిపించలేదు.

అంకెలు వద్దనను. 2011లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ జరిపిన సర్వేలో, అందులో రాసి దిద్దేవాళ్లలో స్త్రీలు ప్రపంచం మొత్తం మీద నూటికి తొమ్మిది మంది కూడా తేలలేదు. ఆ ఒక్క అంకె ఉంచి తక్కినవి కొట్టెయ్యి.

నేనైతే ఒక మీట దగ్గర మొదలుపెట్టేదాన్ని. మన తెలుగు వికీలో ‘సవరించు’ అని ఉండే చోట వాళ్లకు ‘సుంతింగ్’ అని ఉంటుంది. సిగలో తురుముకునే పువ్వునూ ఆ భాషలో సుంతింగ్ అనే అంటారు. 1912లో పశ్చిమ సుమత్రాలో రొహానా కుదుస్ స్త్రీల కోసం నడిపిన పత్రిక పేరు ‘సుంతింగ్ మెలాయు’. బడి మెట్లెక్కకుండా తండ్రి దగ్గరే చదువుకున్న మనిషి. అంతకు ముందు ఏడాదే తన ఊరు కోటో గడాంగ్‌లో ఆడవాళ్లకు చదువూ చేతిపనులూ నేర్పే సంఘం పెట్టింది. నూరేళ్లు దాటాక ఆ దేశపు అమ్మాయి ఒక వ్యాసం దిద్దడానికి నొక్కే మీట మీద అదే మాట! కాకతాళీయమే, నిఘంటువులో అవి రెండు వేరు పదాలు. అయినా ఇలాంటిది చేతికి దొరికితే వదులుకోకు. మరీ పిండకు కూడా. ఒక్క వాక్యంలో చెప్పి సాగిపో.

ఆమెను పరిచయం చేసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. ‘ఇండోనేషియా తొలి ప్రధాని సుతాన్ షహ్రీర్ సవతి అక్క’ అని మొదలుపెట్టావు. ఆమె పత్రిక పెట్టేనాటికి ఆయనకు మూడేళ్లు. ఆ పసివాడి వేలు పట్టుకుని ఆమెను చరిత్రలోకి నడిపించడం ఏమిటి?

మూడో పేజీలో ఎస్.కె. త్రిమూర్తిని ‘ఆయన’ చేశావు. మన ఊళ్లలో త్రిమూర్తులంటే మగవాడే కనక నువ్వు పొరబడ్డావు. పైగా ఇండోనేషియా భాషలో ఆయనకూ ఆమెకూ ‘దియా’ ఒక్కటే మాట, చదివితే తెలియదు. తెలుగులో మనం ఏదో ఒకటి తేల్చక తప్పదు, తెలియనప్పుడు చెయ్యి దానంతటదే ‘ఆయన’ అని రాసేస్తుంది. ఆ త్రిమూర్తి పత్రికా రచయిత్రి, డచ్చి పాలన మీద కరపత్రాలు పంచి 1936లో జైలుకు వెళ్లింది, 1947లో దేశానికి తొలి కార్మిక మంత్రి అయింది.

నీ వ్యాసంలో అసలు లేని సంగతి ఆధారాల బెడద. వికీలో ఆధారం చూపనిదే వాక్యం నిలవదు. పత్రికలు పట్టించుకోని స్త్రీకి ఆధారాలు ఎక్కడివి? కెనడా శాస్త్రవేత్త డొనా స్ట్రిక్‌లాండ్‌కు 2018లో భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించేదాకా ఇంగ్లీషు వికీలోనే పుట లేదు. అంతకు కొన్ని నెలల ముందు ఎవరో రాసిన చిత్తుప్రతిని ఆధారాలు చాలవని తిప్పిపంపారు. ఆడపిల్లల చదువు కోసం పాటుపడిన జావా స్త్రీ కార్తిని 1964లోనే ఇండోనేషియా జాతీయ వీరుల వరసలో చేరితే, రొహానా వంతు 2019లో వచ్చింది. ఇంత ఆలస్యంగా గుర్తుకొచ్చిన మనిషి మీద ఆధారాలు వెతకడం ఎంత పనో ఒకసారి ఊహించు.

ఇంకొకటి. అక్కడి వికీలో అందరూ కూర్చుని వాదించుకునే పుటను ‘వారుంగ్ కోపి’ అంటారు, అంటే కాఫీ బడ్డీ. మనది రచ్చబండ. రెండూ ఆప్యాయమైన పేర్లే. కానీ మా ఊరి రచ్చబండ మీద నేను ఒక్కనాడూ కూర్చోలేదు. మీ అమ్మమ్మ దాని ముందు నుంచి వెళ్లవలసి వస్తే కొంగు సర్దుకుని నడక పెంచేది. ఆడవాళ్లు కూర్చోకూడదని అక్కడ ఎవరూ రాసి పెట్టలేదు. వ్యాసానికి ఈ ముక్క వాడుకుంటే వాడుకో, నాకు అభ్యంతరం లేదు.

తిరగరాసేముందు ఒక పని చెయ్యి. వికీలో ఖాతా తెరిచి, సాధన కోసం అక్కడ ఇచ్చే నీ ‘ప్రయోగశాల’ పుటలో రొహానా మీద తెలుగులో నాలుగు వాక్యాలు రాయి, వాక్యానికొక ఆధారంతో. ఎంతసేపు పట్టిందో, ఏ వాక్యానికి ఆధారం దొరక్క కొట్టేశావో నాకు రాయి. రెండో ప్రతి ఆ తర్వాత పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ